చలికాలం ఆబ్షార్‌కి ఛుట్టీ ఇవ్వండి

మొన్న అక్టోబరు ఆఖరి జుమా రోజు మా ఇంటి వెనక ఆబ్షార్ ఆగిపోయింది. ఆపింది నేనే. మసీదు నుంచి వచ్చి, టోపీ కూడా తీయకుండా నేరుగా పెరట్లోకి వెళ్ళి స్విచ్ కట్టేశాను. లోపల అన్నం వడ్డిస్తున్న అమ్మీ చేతిలో గరిటె ఆగింది. కరెంటు పోయిందేమో అనుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు నా మొహం చూసింది. ఆ తర్వాత మూడు రోజులు నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆబ్షార్ అంటే ఎత్తిపోతల జలపాతం అనుకునేరు. నా నడుం ఎత్తు రాళ్ళ గుట్ట, దాని పైనుంచి సన్నటి నీటి ధార, కింద హౌజ్. అంతే. ఆ హౌజ్ మా దాదా కట్టించింది. ఇటుక, సున్నం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. నూజివీడులో బోర్లు ఇంటింటికీ రాకముందు బావి నీళ్ళు తోడి అందులో పోసుకునేవాళ్ళు, మొహల్లాలో సగం మంది మా సహన్‌లోనే వజూ చేసుకుని మసీదుకి వెళ్ళేవాళ్ళట. కుళాయిలు వచ్చాక హౌజ్ ఎండిపోయింది. మా చిన్నప్పుడు అందులో సైకిళ్ళు పెట్టేవాళ్ళం. ఓ వానాకాలం మేకపిల్లని కట్టేశాం.

అబ్బా ఇంతెకాల్ అయ్యాక జిద్దా నుంచి తమ్ముడు వచ్చాడు. నలభై రోజులు ఉన్నాడు. అమ్మీ రాత్రిళ్ళు నిద్రపోకుండా దాలాన్‌లో కూర్చోవడం చూశాడు. ఏం చేయాలో వాడికి తోచలేదు. చివరికి హౌజ్‌కి సిమెంటు పూయించి, రాళ్ళు పేర్పించి, నలభై వాట్ల పంపు పెట్టించి, పది బంగారు చేపలు వదిలి వెళ్ళాడు. "అమ్మీకి ఓ ఆవాజ్ తోడుంటుంది భాయ్‌జాన్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

వాడన్నదే నిజమైంది. ఆ చప్పుడు వింటూ అమ్మీ పడుకోవడం మొదలుపెట్టింది. ఇషా తర్వాత తస్బీహ్ తిప్పుకుంటూ హౌజ్ గట్టు మీద కూర్చునేది. వీణలు చేసే ఊరు మాది, పనస దూలాన్ని చేత్తో తట్టి దాని గొంతు చెప్పగలిగిన వాళ్ళున్న ఊరు. చప్పుడికి విలువ లేదని నేనెలా అంటాను? అందుకే ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను: నేను పెరట్లో నీళ్ళ షౌక్‌కి ముఖాలిఫ్‌ని కాను. మీలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు ఇలాంటివి వెలుస్తున్నాయి. సౌదీ నుంచి, కువైట్ నుంచి, అమెరికా నుంచి పిల్లలు పంపిన డబ్బుతో ఇల్లు బాగుచేయించుకుంటే వెనక ఓ చిన్న హౌజ్, దానికో ఆబ్షార్ తప్పడం లేదు. కట్టుకోండి. కానీ మామిడి చెట్టు నీడన కట్టుకున్న వాళ్ళు చలికాలం దాన్ని ఆపండి. నేను చెప్పాలనుకున్నది ఇదే. ఎందుకో వినండి.

మా హౌజ్‌కి పన్నెండు అడుగుల దూరంలో ఓ చిన్నరసం చెట్టుంది. నేను పుట్టిన ఏడాది దాదా నాటింది. నా వయసూ దాని వయసూ ఒకటే, దానికి జుట్టు ఊడలేదు, అంతే తేడా. ఇక్కడి వాళ్ళకి చిన్నరసం గురించి చెప్పక్కర్లేదు. బయట ఉన్న మన పిల్లల కోసం చెప్తున్నాను. బంగినపల్లిని కోసుకుని తింటారు. చిన్నరసాన్ని చేతుల్లో మెత్తగా నలిపి, ముచ్చిక దగ్గర చిన్న చిల్లు పెట్టి, నోటికి ఆనించుకుంటారు. చొక్కా పాడవకుండా తిన్నవాడు చిన్నరసం తిననట్టే. కాయ మీద కోస్తే ఆవకాయకి, పండితే రసానికి. ఏప్రిల్ నుంచి మా చెట్టు కాయల హిస్సాలు వెళ్ళేవి. పేష్ ఇమామ్ సాబ్ ఇంటికో బుట్ట, ఎదురింటి కోమట్ల అమ్మగారికి ఆవకాయకని యాభై కాయలు, విజయవాడలో ఖాలాకి ఓ పెట్టె, అబ్బాతో పని చేసిన వాళ్ళకి తలా డజను. అబ్బా ఆ లెక్క ఓ చిన్న నోటుబుక్కులో ఉర్దూలో రాసుకునేవాడు. ఆ పుస్తకం ఇప్పటికీ అమ్మీ పాన్‌దాన్ కింద ఉంటుంది.

ఆబ్షార్ పెట్టాక రెండేళ్ళు ఆ చెట్టు పూయలేదు.

మొదటి ఏడాది ఎవరూ పట్టించుకోలేదు. మామిడి ఏడాది విడిచి ఏడాది కాస్తుంది, అది దాని అలవాటు. రెండో ఏడాది కూడా బౌర్ రాకపోయేసరికి ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఖాలా నజర్ తగిలిందంది. పక్కింటాయన సెల్ టవర్ వల్లే అన్నాడు. అమ్మీ ఇంకో మాట అంది, అది నాకు గుచ్చుకుంది. "మీ అబ్బా పోయాడని దానికీ తెలిసింది" అంది. అది ఆమె పూర్తిగా నమ్మింది. ఎవరికైనా హిస్సా పంపలేకపోయిన ప్రతిసారీ ఆ నోటుబుక్కు తీసి చూసుకునేది.

నేను జర్నలిస్టుని. ఉర్దూ మీడియంలో బడి, తెలుగులో డిగ్రీ, ఇరవై ఏళ్ళుగా రైతుల వార్తలు రాస్తున్నాను. ప్రతి జనవరిలో "పూత ఆలస్యం, రైతుల ఆందోళన" అని ఎన్నిసార్లు హెడ్డింగ్ పెట్టానో లెక్కలేదు. నా పెరట్లో చెట్టుని మాత్రం ఒక్కసారి తలెత్తి చూడలేదు. కిందటి డిసెంబరులో చూశాను. చెట్టంతా రాగి రంగు చిగుళ్ళు. నున్నగా, మెత్తగా, ఎంత అందంగా ఉన్నాయో! ఫోటో తీసి, మా తోటల దగ్గర పనిచేసే ఓ చాచాకి చూపించాను. డెబ్భై ఏళ్ళ మనిషి, తోటలు కౌలుకి తీసుకుని, పూత మీద అంచనా కట్టి బతికినవాడు. ఆయన ఫోను దూరంగా పెట్టి చూసి, "ఈ నెలలో చిగురేంటి బేటా? దీనికెవరు నీళ్ళు పెడుతున్నారు?" అన్నాడు.

ఎవరూ పెట్టట్లేదన్నాను. "చెట్టు అబద్ధం చెప్పదు" అన్నాడు చాచా.

తోటల వాళ్ళకి ఇది అలిఫ్ బే లాంటిది. పట్టణంలో ఇల్లు కట్టుకున్న మనం మరిచిపోయాం. వానలు తగ్గాక, పంట కోతలప్పుడు మొదలుపెట్టి పూత వచ్చేదాకా, మామిడికి నీళ్ళు పెట్టరు. రెండు మూడు నెలలు చెట్టుని బెట్టకి వదిలేస్తారు. పైన రాత్రి చలి, కింద పొడి నేల. ఈ రెండూ కలిస్తే కొమ్మ చివర ముదిరి, పెరగడం ఆపి, లోపల మొగ్గ కడుతుంది. డిసెంబరు ఆఖర్న, జనవరిలో అది పూత కంకిగా బయటపడుతుంది. అదే సమయంలో వేళ్ళకి తడి తగులుతూ ఉంటే చెట్టుకి ఇంకా వానాకాలమే అనిపిస్తుంది. పూత మొగ్గ కట్టాల్సిన చోట చిగురు వేస్తుంది. చిగురు చూసి మనం మాషా అల్లాహ్ అంటాం. ఆ ఏడాది కాయ పోయినట్టే.

నవంబరులో తుపాను వాన పడితే అది మన చేతిలో లేదు. తోటల వాళ్ళు దాన్ని తిట్టుకుంటూనే సబర్ చేస్తారు. పెరట్లో మనమే రోజూ ఓ చిన్న తుపాను నడిపితే ఎవర్ని తిట్టుకోవాలి?

చాచా మాట విన్న రోజు నాకు కోపం వచ్చింది. తమ్ముడి మీద. రాత్రి ఫోన్ చేశాను. "నువ్వు పెట్టిన ఆబ్షార్ దాదా చెట్టుని చంపుతోంది" అన్నాను. ఆ మాట అక్కర్లేదు, చెట్టు చావట్లేదు, నున్నగా బలిసి ఉంది. కానీ కోపంలో మనిషి హెడ్డింగ్ పెద్దది పెడతాడు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "హౌజ్ కారుతోందని నువ్వు చూశావా భాయ్‌జాన్?" అన్నాడు.

చూడలేదు. అప్పుడు చూశాను. ఇది మీరూ చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. హౌజ్‌లోకి నీళ్ళు వచ్చే ఫ్లోట్ వాల్వు కట్టేయాలి. అసలు దొంగ ఆ వాల్వే. ఎన్ని నీళ్ళు పోతే అన్ని నీళ్ళు అది గుట్టుచప్పుడు కాకుండా నింపేస్తుంది, నీటిమట్టం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, కారుతున్న సంగతి ఎవరికీ తెలియదు. వాల్వు కట్టాక ఓ బకెట్ నిండా నీళ్ళు పోసి హౌజ్ గట్టు మీదే పెట్టాలి. బకెట్ మీద, హౌజ్ గోడ మీద బొగ్గుతో గీతలు గీయాలి. ఇరవై నాలుగు గంటలు ఆగాలి. బకెట్‌లో తగ్గింది ఎండకీ గాలికీ పోయిన నీరు. హౌజ్‌లో అంతకన్నా ఎక్కువ తగ్గితే, ఆ తేడా నేలలోకి పోతున్నట్టు. పంపు ఆపి ఓ రోజు, పంపు నడిపి ఓ రోజు చూడాలి.

పంపు ఆపిన రోజు బకెట్ కన్నా అర అంగుళం ఎక్కువ తగ్గింది. పాత సున్నం కట్టడం కదా, సరే అనుకున్నాను. పంపు నడిపిన రోజు రెండు అంగుళాలు. మా హౌజ్ కొలతకి రెండు అంగుళాలంటే 110 లీటర్ల పైమాటే. అందులో కొంత రాళ్ళ మీద ఆవిరై ఉంటుంది, కొంత తుంపరగా పోయి ఉంటుంది. కానీ రాళ్ళ వెనక చెయ్యి పెడితే మట్టి బురదగా తగిలింది. ధార రాళ్ళ మీద నుంచి జారేటప్పుడు సగం నీళ్ళు వెనక సందుల్లోకి దిగుతున్నాయి. అంటే రోజుకి ఐదారు బకెట్లు, చలికాలమంతా, నేరుగా చెట్టు వేళ్ళకి.

విజయం సాధించినవాడిలా మళ్ళీ ఫోన్ చేశాను. లెక్క మొత్తం చెప్పాను. వాడు విన్నాడు. విని ఒకే ఒక్క సవాల్ అడిగాడు.

"వజూ పైపు ఎటు పోతోంది భాయ్‌జాన్?"

ఖుదా కసమ్, ఆ క్షణం నాకు గొంతు ఆరిపోయింది. ఐదేళ్ళ కిందట స్నానాల గది గచ్చు మార్పించినప్పుడు వజూ నీళ్ళు మురిక్కాలవలో కలవకూడదని, చెట్టుకి పోతే సవాబ్ అని, పైపు చిన్నరసం మొదట్లోకి తిప్పించింది నేను. నీయత్ మంచిదే. ఇంట్లో ఐదుగురం, రోజుకి ఐదు పూటలు, మనిషికి నాలుగు లీటర్లనుకున్నా వంద లీటర్లు. తమ్ముడి ఆబ్షార్ ఎంత పోస్తోందో నా సవాబ్ కూడా ఇంచుమించు అంతే పోస్తోంది. ఆబ్షార్ రాకముందు చెట్టు ఏడాది విడిచి ఏడాదైనా కాసేది, నిజమే. ఆ వంద లీటర్లని ఎలాగో ఓర్చుకుంది. రెండూ కలిశాక ఓర్చుకోలేకపోయింది. కసూర్ ఇద్దరిదీ.

పైగా ఆ నాలుగు లీటర్లు కూడా ఎక్కువే. రసూలుల్లాహ్ (స) ఒక ముద్ నీళ్ళతో వజూ చేసేవారని హదీసుల్లో చదువుకున్నవాళ్ళం. ముద్ అంటే దోసిలి నిండా, లీటరు కన్నా తక్కువ. కుళాయి తిప్పి, మోచేతుల దాకా చొక్కా మడుచుకునేలోపే మనం ముద్ దాటిపోతాం. నేను ఇస్రాఫ్ గురించి తఖ్రీర్ ఇవ్వడం లేదు, ఇచ్చే మొహమూ లేదు. నా పైపు సంగతి మాత్రం చెప్తున్నాను. ఇప్పుడది అరటి పిలకల వైపు తిరిగింది. అరటికి ఎంత పోసినా తాగుతుంది, ఏ నెలలో పోశావని అడగదు.

ఇక్కడ ఇంటర్నెట్ మష్వరాల గురించి ఓ మాట. చలికాలం ఆబ్షార్ నడపాలా వద్దా అని వెతికితే బోలెడు వీడియోలు వస్తాయి. అన్నీ మంచు కురిసే ముల్కుల్లో తీసినవి. షికాగో దగ్గర ఉండే మా మామూ కొడుకుకీ పెరట్లో చెరువుంది. వాడు నవంబరులోనే పంపు తీసేసి గరాజులో పెట్టేస్తాడు. అక్కడి బాధ వేరు. ధార గడ్డకట్టి మంచు గట్టులా పెరిగితే నీళ్ళు పక్కకి మళ్ళి బయటికి పోతాయి, పొద్దున లేచేసరికి చెరువు ఖాళీ. ఇంకోటి, నాలుగు డిగ్రీల దగ్గర నీరు అన్నిటికన్నా బరువు. అందుకే పైన గడ్డకట్టినా అడుగున ఆ నాలుగు డిగ్రీల నీళ్ళుంటాయి, చేపలు అక్కడ కదలకుండా చలికాలం గడుపుతాయి. ఆబ్షార్ నడిపితే పై చలి నీళ్ళు అడుగుకి కలిసి వాటి పరుపు లాగేసినట్టవుతుంది. అలాగని పైన పూర్తిగా మంచు మూసుకున్నా చేపలు చస్తాయి, లోపలి గాలి చెడి. అందుకని ఓ మూల చిన్న కన్నం తెరిచి ఉంచుతారు.

ఇవేవీ మనకి వర్తించవు. నూజివీడు చలి అంటే ఫజర్‌కి ఓ శాలువా. నీళ్ళు గడ్డకట్టేది ఫ్రిజ్‌లోనే. ఆ వీడియోలు చూసి "మనకి మంచు లేదుగా, నడపొచ్చు" అనుకుంటారు మనవాళ్ళు. వాళ్ళు ఆపేది చేప కోసం. మనం ఆపాల్సింది చెట్టు కోసం.

అయితే చేప మాటేంటి? స్విచ్ కట్టేసి చేతులు దులుపుకుంటే అవి చస్తాయి. దీనికి అమెరికా వెళ్ళక్కర్లేదు, కైకలూరు వెళ్తే చాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక మేమూ కైకలూరూ ఒకే ఏలూరు జిల్లా, మేం మెట్ట, వాళ్ళు కొల్లేటి పల్లం. అక్కడి చేపల చెరువుల మీద తెల్లవారుజామున ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ కనిపిస్తాయి. రాత్రంతా చెరువులో నాచు కూడా గాలి పీలుస్తుంది, ఎండ లేక తిరిగి ఇవ్వదు. అందుకే తెల్లవారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది. పొగమంచు పట్టి మబ్బుగా ఉన్న రోజు పగలు కూడా కోలుకోదు. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. రైతు ఆ నోళ్ళు చూస్తే పరుగెత్తుతాడు. చల్లటి నీరు వెచ్చటి నీటికన్నా ఎక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది, చలికి చేప తిండీ తగ్గుతుంది, ఆ రెండూ మనకి కొంత సాయం. కానీ పూర్తిగా వదిలేయకూడదు.

నేను చేసింది ఇది. రాళ్ళ పైకి వెళ్ళే పైపు ఊడదీశాను. అక్వేరియం దుకాణంలో ఓ చిన్న గాలి పంపు కొన్నాను, ఐదు వాట్లది. దాని గొట్టం హౌజ్ అడుగున పెట్టాను. బుడగలు పైకి వస్తాయి, నీరు కదులుతుంది, ఒక్క చుక్క బయటికి పోదు. చేపలకి మేత రోజు విడిచి రోజు చేశాను, ఐదు నిమిషాల్లో తిన్నంత మాత్రమే. మిగిలిన మేత కుళ్ళితే నీళ్ళలో గాలి తినేస్తుంది. ఫ్లోట్ వాల్వు కట్టేసి, వారానికి రెండుసార్లు నేనే మగ్గుతో నింపాను. ఇంకో సంగతి, పంపు ఆపి నీళ్ళని నిలవ ఉంచితే దోమ గుడ్లు పెడుతుంది, డెంగీ దోమ మరీ ఇష్టంగా. చేపలు పిల్లపురుగుల్ని తినేస్తాయి గానీ రాళ్ళ సందుల్లో నిలిచిన గుంటల్లోకి చేప వెళ్ళలేదు. ఆ గుంటలన్నీ గుడ్డతో అద్ది ఆరబెట్టాను. ఇది చేయని వాళ్ళు ఆబ్షార్ ఆపకపోవడమే మేలు, చెట్టు పూయకపోతే ఆవకాయ పోతుంది, జ్వరం వస్తే మనిషి పోతాడు.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో. నలభై వాట్ల పంపు రోజంతా తిరిగితే నెలకి 29 యూనిట్లు. ఐదు వాట్లది మూడున్నర. దీని కోసం ఎవరూ ఆపక్కర్లేదు.

"మన బుజుర్గులు నీళ్ళతో ఎంత గొప్ప బాగులు కట్టారు, నువ్వేమో ఆపమంటావా" అని ఓ దోస్త్ నన్ను నిలదీశాడు. అతని ఖయాల్ నాకు తెలుసు. మొగలుల బాగుల్లో నీరు చెక్కిన రాతి పలక మీద నుంచి జారుతుంది, దాన్ని చాదర్ అంటారు. దుప్పటి పరిచినట్టుంటుంది కాబట్టి. హైదరాబాదులో గుల్జార్ హౌజ్ ఉంది, చార్ కమాన్ నడిమధ్య. ఔరంగాబాదులో పన్‌చక్కీ ఉంది, దూరపు కొండ ఊట నుంచి మట్టి గొట్టాల్లో వచ్చిన నీరు ఎత్తయిన గోడ మీద నుంచి హౌజ్‌లోకి దూకుతుంది. నేను చూశాను, గంటసేపు కదల్లేకపోయాను. కానీ పేరులోనే ఉంది, చక్కీ. ఆ నీరు తిరగలి తిప్పింది, దర్గాకి వచ్చిన ముసాఫిర్ల కోసం పిండి విసిరింది. మొగల్ బాగులో చాదర్ మీద జారిన నీరు కాలవల్లోంచి చెట్లకి వెళ్ళేది, ఏ మడికి ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టాలో బాగ్‌బాన్ చేతిలో ఉండేది. మనం అందులోంచి చప్పుడు మాత్రం తెచ్చుకుని బాగ్‌బాన్‌ని వదిలేశాం. ఫ్లోట్ వాల్వుకి అప్పగించాం. బుజుర్గుల పేరు చెప్పి నడిపే ముందు, వాళ్ళు కట్టడం కూడా తెలిసినవాళ్ళని గుర్తుంచుకోవాలి.

ఇంకొందరు అడ్డదారి చెప్తారు. కల్టార్ పోయించు, పూత అదే వస్తుందని. అది పెద్ద తోటల్లో లెక్కగా, తెలిసినవాళ్ళు వాడే మందు. ఇంటి పెరట్లో, హౌజ్‌లో చేపల పక్కన, నీళ్ళు పోస్తూనే మందు కూడా పోయడం నాకు సమజ్ కాదు. నూజివీడులోనే మామిడి పరిశోధనా స్థానం ఉంది, వెళ్ళి అడగండి. ముందు పైపు కట్టండి.

ఇన్ని దలీళ్ళు ఉన్నా అమ్మీకి చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు. మొదటి మూడు రోజుల సంగతి చెప్పాను. నాలుగో రాత్రి దాలాన్‌లో లైటు వెలిగింది. వెళ్ళి చూస్తే కూర్చుని ఉంది. "నీళ్ళు లేకపోతే గడియారం వినపడుతుంది" అంది. అబ్బా గడియారం. నా దగ్గర జవాబు లేదు. ఓ చెట్టు కాయల కోసం తల్లి నిద్ర తీసేశానా అనిపించింది. పొద్దున్నే పైపు తగిలించేద్దామనుకున్నాను. తమ్ముడు ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసి పంపమన్నాడు, రాత్రి స్పీకర్లో పెట్టొచ్చట. పెట్టాం. అమ్మీ రెండు నిమిషాలు విని, "ఇందులో తడి లేదు" అని కట్టేసింది.

చివరికి ఆమె ముందు అబ్బా నోటుబుక్కు పెట్టాను. చెట్టుకి అబ్బా పోయిన సంగతి తెలిసి పూయడం మానలేదు అమ్మీ, మేం ఇద్దరం నీళ్ళు ఎక్కువ పోశాం, అన్నాను. వజూ పైపు గురించి కూడా చెప్పాను, తమ్ముడి మీద ఒక్కడి మీదే వేయకుండా. చాలాసేపు ఆ పేజీలు తిప్పింది. "ఎప్పటిదాకా?" అంది.

పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా అన్నాను. తోటల లెక్క అదే. పూత మీద నీళ్ళు పెట్టరు, పిందె నిలబడి ఆ సైజుకి వచ్చాక మళ్ళీ తడి ఇస్తారు. అప్పుడు ఇవ్వకపోతే పిందె రాలిపోతుంది. అంటే ఆబ్షార్‌కి ఛుట్టీ నాలుగైదు నెలలే. తర్వాత ఎండాకాలమంతా, వానాకాలమంతా నడుపుకోవచ్చు, అప్పుడే కదా ఆ చల్లదనం కావాల్సిందీ.

నవంబరు గడిచింది. రెండు వానలు పడ్డాయి, ఆరాయి. డిసెంబరులో చిగురు రాలేదు. ఆకులు ముదురు ఆకుపచ్చగా, కాస్త వాడినట్టు వేలాడాయి. ఖాలా చూసి చెట్టు ఎండిపోతోందని గోల పెట్టి ఓ బిందెడు నీళ్ళు తెచ్చింది. ఆమె చేతిలోంచి బిందె లాక్కున్న పాపం కూడా నాదే. జనవరి రెండో వారంలో, హౌజ్‌కి దూరంగా ఉన్న పడమటి కొమ్మల మీద, ఎర్రటి కాడలతో కంకులు బయటికి వచ్చాయి. వారానికి తూర్పు వైపు కూడా కొన్ని. పూర్తిగా కాదు. హౌజ్ మీదికి వంగిన రెండు కొమ్మలు ఇప్పటికీ మొండిగానే ఉన్నాయి. ఇది దాని కాపు ఏడాదే అయ్యుండొచ్చు, ఒక్క సీజన్‌తో సుబూత్ అయిపోయిందని నేను రాయను. పొగమంచు పడితే తేనె మంచు పురుగు ఉంది, బూడిద తెగులు ఉంది, గాలి ఉంది. పూతంతా కాయ కాదని ఇక్కడ పసిపిల్లాడికీ తెలుసు. కానీ ఆ పడమటి కొమ్మలు ముందు పూయడం నాకు చాలు. వచ్చే అక్టోబరుకీ నా ఫైసలా ఇదే. ఈలోగా రాళ్ళ వెనక సందులన్నీ పూడ్పించి, కింద మందపాటి షీటు వేయించాలి. డబ్బు తమ్ముడు పంపుతానన్నాడు. సగం నేను పెడతానన్నాను.

అమ్మీ వంటింటి డబ్బాలోంచి ఓ ఎండు బఠాణీ తీసి దుపట్టా కొంగున ముడేసుకుంది. రోజూ ఫజర్ తర్వాత పెరట్లోకి వెళ్తుంది. అందే కొమ్మ ఒకటుంది, దాన్ని మెల్లగా వంచి, ముడి విప్పి, గింజని పిందె పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకుంటుంది. నిన్న నేను హౌజ్ దగ్గర మగ్గుతో నీళ్ళు పోస్తుంటే వెనక్కి తిరక్కుండానే, "ఇంకా ఆవగింజంతే ఉందిరా" అంది.